రెండుచోట్ల పేరున్నవాళ్ళం

అంగన్‌వాడీ టీచరంటే పిల్లలకి గుడ్లు ఉడకబెట్టి, బరువు తూచి, మధ్యాహ్నం నిద్రపుచ్చే మనిషని మా క్యాంపులో అందరి నమ్మకం. ఉద్యోగంలో చేరినప్పుడు నా నమ్మకం కూడా అదే. మూడో ఏడాది ఒక కాగితం వచ్చింది. మీ బూత్ ఓటర్ల జాబితాకి ఇకనుంచి నువ్వే పూచీ అని దాని సారాంశం. ఆ రోజు నుంచి ఎవరు పుట్టారో రాసే చేత్తోనే ఎవరు పోయారో కూడా రాస్తున్నాను. ఏ ఇంటికి వెళ్ళినా ముందు కుర్చీ వేస్తారు, ఆ తర్వాత అనుమానంగా చూస్తారు.

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువ. సంతకం పెట్టమంటే కాగితం మూడుసార్లు చదువుతాను. పెట్టి ఇంటికొచ్చాక అందులో ఏముందో నాలుగోసారి గుర్తు చేసుకుంటాను. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం దారి నుంచి వెనక్కి వచ్చిన రోజులున్నాయి. ఇలాంటిదాన్ని ఏరికోరి ఈ పనికి పెట్టారంటే నా తలరాతే. మా ఆయన మాత్రం, "నీలాంటి పిరికిదాన్నే పెట్టాలి, దొంగ లెక్క రాయవు" అంటాడు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఇప్పటికీ తేల్చుకోలేదు.

మాది కర్ణాటకలో సిరుగుప్ప తాలూకా. సిరిగేరిలో బస్సు మారి, దిగి, కాలువ గట్టు మీద కొంత దూరం నడిస్తే మా క్యాంపు. మా మావయ్య గారి తండ్రి కాలంలో, ఇక్కడికి కాలువ నీళ్ళొస్తున్నాయని విని కోస్తా నుంచి కొన్ని కుటుంబాలు వచ్చి ఈ నల్లరేగడిలో వరి వేశాయి. ఇళ్ళు కట్టుకున్నారు, రామాలయం కట్టుకున్నారు, కానీ దాన్ని ఊరు అనలేదు. క్యాంపు అన్నారు. మూడు తరాలైనా ఇంకా క్యాంపే. నేను పుట్టింది కూడా కంప్లి దగ్గర ఇలాంటి ఇంకో క్యాంపులోనే. మా కాలువకి దిగువన కాలనీ ఉంది. వాళ్ళదీ తెలుగే, కాకపోతే మాకంటే ఎన్నో తరాల ముందు నుంచి ఇక్కడ ఉన్నవాళ్ళు. ఎక్కువమంది కూలికి వెళతారు. క్యాంపుకి ఒక బూత్, కాలనీకి ఇంకో బూత్. అంగన్‌వాడీ మాత్రం రెండింటికీ ఒకటే, అది నాది.

ఓటర్ల జాబితా మొత్తం మొదటి నుంచి సరిచూడాలని హుకుం వచ్చినప్పుడు తాలూకా ఆఫీసులో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టారు. గోడ మీద ప్రొజెక్టర్‌తో ఒక పట్టీ వేశారు. ఊరి పేరు, జనం ఎందరు, అందులో పద్దెనిమిది నిండినవాళ్ళు ఎందరు, ఓటర్లు ఎందరు. చివరి గడికి రంగులు. సిరిగేరి బూత్‌లు పచ్చ. హచ్చొళ్ళి పచ్చ. ఒకటి రెండు ఊళ్ళు పసుపు, ఆ ఊళ్ళ టీచర్లు అప్పుడే కొంగుతో మొహం తుడుచుకుంటున్నారు. పట్టీ కిందికి జరిగేసరికి మాది ఎర్రగా వచ్చింది.

ఆఫీసరు కన్నడం, తెలుగు కలిపి మాట్లాడే మనిషి. చేతిలో పుల్లతో మా గడి మీద కొట్టి, "ఏనమ్మా, ఊరికి ఇంత జనం ఉంటే ఇంతమంది ఓటర్లు అని ఒక లెక్క ఉండాది. మీ బూత్‌లో జాస్తి ఉండారు. మీ క్యాంపులో పిల్లకాయలే పుట్టరా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. భయం వేస్తే నాకు నవ్వొస్తుంది, అదొక దరిద్రం.

కానీ ఆ ప్రశ్నకి జవాబు ఆ హాల్లో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. లేచి నిలబడి చెప్పాను. నా అంగన్‌వాడీలో ఇరవై ఆరుగురు పిల్లలుంటే అందులో క్యాంపు పిల్లలు నలుగురే. క్యాంపులో కుర్ర జంటలు పిల్లల చదువులని బళ్ళారిలోనో గంగావతిలోనో కాపురం పెడతారు. ఇక్కడ మిగిలేది నడివయసువాళ్ళు, ముసలివాళ్ళు. అందరూ ఓటున్నవాళ్ళే. కాలువ దాటితే లెక్క తిరగబడుతుంది. కాలనీలో ఇంటింటా పిల్లలు, పెద్దలేమో పనున్న చోటికల్లా పోయి వస్తుంటారు, అందుకని అక్కడ ఓటర్లు తక్కువ పడతారు. ఇటు గట్టుకీ అటు గట్టుకీ మధ్య పాతిక అడుగులు లేవు, లెక్కలో తేడా మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత ఉంది.

ఆఫీసరు పుల్ల దించాడు. "టీచరమ్మ సరిగ్గానే చెప్పింది. పట్టీకి తెలీదు, ఆమెకి తెలుసు" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది. కూర్చోబోయాను. "ఉండమ్మా, అది ఒప్పుకుంటా. ఇది ఏంది మరి?" అని పిన్ను కొట్టిన నాలుగు కాగితాలు చేతిలో పెట్టాడు. మా బూత్‌లో ఉండి, కోస్తాలో ఇంకో బూత్‌లో కూడా పేరున్నవాళ్ళ జాబితా అది. మొదటి పేరు మా మావయ్య గారిది.

మా వాళ్ళకి ఇది తప్పని ఎవరూ ఏనాడూ చెప్పలేదు, వాళ్ళకీ తోచలేదు. అక్కడి ఓట్లు ఒకప్పుడు వచ్చేవి, ఇక్కడివి ఇంకొకప్పుడు. అక్కడ ఓట్లంటే క్యాంపు నుంచి ఒక బస్సు కట్టించుకుని వెళ్ళేవాళ్ళు. ఓటు వేసి, చుట్టాల ఇళ్ళలో భోంచేసి, ఒక పూట పొలాలు చూసుకుని తిరిగొచ్చేవాళ్ళు. పేరు తీసేస్తే ఆ ఊరివాళ్ళం కాకుండా పోతామని పెద్దల బెంగ. ఆఫీసరుకి ఇదంతా ఎలా చెప్పను? ఇంటి గుట్టు లంకకు చేటు. ఆ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

రూలు ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. "ఎక్కడ కాపురముంటే ఆడనే ఓటు. ఒకరికి ఒకటే. ఒక్కొక్కర్నీ కలిసి, అడిగి, సంతకం తీసుకోండి. అడిగితిని అని కింద మీరు సంతకం పెట్టండి. పదిహేను రోజులు. తప్పు తేలితే మీ మీదకే వస్తుంది." చివరి మాట అందరికీ చెప్పినా నావైపే చూసి చెప్పాడని నాకనిపించింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ నాలుగు కాగితాలూ చదివాను. మా వీధి, ఎదురు వీధి, ఒక్కో పేరూ తెలిసిందే. మూడో కాగితం చివర్లో నా పేరు కనిపించింది. ఇంకో మనిషేమో అనుకుని మా ఆయన పేరు, వయసు చూశాను. నేనే. కోస్తాలో మా అత్తవారి సొంతూళ్ళో నా పేరు మీద ఒక ఓటుంది, నా ఫొటోతో సహా. పెళ్ళినాటి ఫొటో. ఆ ఊరికి నేను వెళ్ళింది మూడుసార్లు, మూడూ చావులకే. ఊళ్ళో అందరి దొంగ ఓట్లూ పట్టుకోవలసిన మనిషికే రెండు ఓట్లు. నేను దిగే చోటు దాటిపోయి, తర్వాతి స్టాపు నుంచి నడిచి వచ్చాను.

ఇంటికి రాగానే మావయ్య గారిని అడిగాను. వాకిట్లో మంచం మీద కూర్చుని కాళ్ళకి అంటిన బురద గీక్కుంటున్నారు. తల కూడా ఎత్తలేదు. "పెళ్ళయిన ఏడాదే రాయించా కదమ్మా. ఇంటికి కోడలొచ్చిందని ఊరికి తెలియొద్దూ?" అన్నారు. నా ఉద్యోగం పోతుందని చెప్పాక గీకడం ఆపారు. "నువ్వు బెంగ పెట్టుకోకు. అందరి కాగితాలూ నేను చూస్తా" అన్నారు.

ఆ మాటతో నా బెంగ రెట్టింపయింది. ఎందుకంటే మావయ్య గారు చూస్తా అంటే చూస్తారు. కాలువలో నీళ్ళొదిలినప్పుడు ఎవరి పొలానికి ఏ పూట వంతు అనేది మా క్యాంపులో ఆయనే రాస్తారు. ఒక్కో రైతూ పోయి కాలువ వాళ్ళ దగ్గర నిలబడడం, కీచులాడుకోవడం మా దగ్గర లేదు. ఒక మనిషి అందరి తరపునా రాస్తాడు, అందరూ దానికి కట్టుబడతారు. చందాలైనా, రోడ్డుకి అర్జీ అయినా, బడికి గోడ అయినా అంతే. అలవాటు మంచిదే. దాని వల్లే మా క్యాంపులో తలలు పగలలేదని అందరూ అంటారు, నేనూ అంటాను.

ఫారాలు నేను ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాను. ఐదో రోజు సాయంత్రం మావయ్య గారు నింపిన ఫారాలన్నీ పురికొసతో కట్టి తెచ్చి నా ముందు పెట్టారు. "అమ్మాయ్, నీ పని అయిపోయింది. విత్తనాల గోదాం అరుగు మీద కూర్చుని గంటలో తేల్చేశాం" అన్నారు. ఆ మొహంలో ఎంత ఆనందం ఉందో చెప్పలేను. నా కోసమే చేశారు. మోకాళ్ళ నొప్పితో ఇంటింటికీ తిరిగి సేకరించారు.

కట్ట విప్పాను. మగవాళ్ళ ఫారాల మీద, ఇక్కడే ఉంటాం అని రాసి ఉంది. ఆడవాళ్ళవి నలభై ఒకటి. అన్నిటి మీదా, పేరు వేరేచోట ఉంది, ఇక్కడ అక్కర్లేదు అని ఒకటే మాట, కింద ఊరి పేరు. సంతకాలు కొన్ని వాళ్ళవి, కొన్ని వాళ్ళవి కావని చూస్తేనే తెలుస్తోంది. అందులో అత్తయ్య గారిది ఉంది. నాదీ ఉంది. నా సంతకం మావయ్య గారు నాకంటే అందంగా పెట్టారు.

"ఇదేంటి మావయ్యా?" అన్నాను.

"రెండోచోట తీసెయ్యాలన్నావు కదా. కాలువ, కరెంటు, రోడ్డు, వీటికి ఇక్కడ మాట్లాడేది మగాళ్ళు. వాళ్ళ ఓట్లు ఇక్కడుండాలి. మరి ఊళ్ళో అసలు పేరే లేకపోతే రేపు అక్కడ మన మొహం ఎవడు చూస్తాడు? అందుకని ఆడాళ్ళవి అక్కడుంచాం. రెండు ఊళ్ళూ దక్కాయి. ఎవరికీ నష్టం లేదు."

"ఓట్లప్పుడు ఆడవాళ్ళందర్నీ అక్కడికి తీసుకెళతారా?"

"చూద్దాంలే. అందరూ పోతే గేదెల్ని ఎవరు చూస్తారు?"

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది ఈ పంపకం. ఒళ్ళు మండింది. కానీ ఆ మంట కంటే భయమే ముందు నడిచింది. ఈ కట్ట ఇలాగే ఇస్తే, ఒక్కొక్కర్నీ అడిగాను అని నలభై ఒక్కసార్లు అబద్ధం మీద సంతకం పెట్టాలి. మా బూత్‌లో ఒక్క ఆడ ఓటరు కూడా లేకుండా పోతే ఆ పట్టీలో ఇంకెంత ఎర్రగా వస్తుందో. పోనీ వెనక్కి ఇస్తే, నా కోసం మోకాళ్ళ నొప్పితో తిరిగిన మనిషిని క్యాంపు మొత్తం ముందు తల దించుకునేలా చెయ్యాలి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

మా ఆయన్ని అడిగితే, "నాన్న ఎలా ఇచ్చాడో అలా పెట్టేసెయ్. ఎవరడుగుతారు?" అన్నాడు.

"అడగాల్సిన మనిషినే నేను" అన్నాను.

మర్నాడు అంగన్‌వాడీలో మా ఆయమ్మకి చెప్పుకున్నాను. కాలనీ మనిషి, నాకంటే పదేళ్ళు పెద్దది. పప్పులో రాళ్ళు ఏరుతూ అంతా విని, "మీకి రెండు సోట్ల ఉండాదని బాధ టీచరమ్మా, మాకి ఒక్కసోటే సరిగ్గా లేదు" అంది. పోయినసారి వాళ్ళ బూత్ చూసినాయన మూడుసార్లు వచ్చి తాళం ఉందని వాళ్ళ అక్క పేరు కొట్టేశాడట. "కంప్లి కాడికి నాట్లకి పోయింటిమి. నెల్లాళ్ళకి వస్తిమి. మేము యాడికి పోతాము, ఈడనే పుట్టిన్యాము. ఒగ మాట అడిగింటే సెప్పేటోళ్ళం గదా." అడిగింటే అన్న మాట నన్ను రోజంతా వదల్లేదు.

సాయంత్రం మావయ్య గారితో చెప్పాను. ఒక్కొక్కర్నీ అడక్కుండా ఈ ఫారాలు తీసుకోలేనని, ముందు నా ఫారమే మార్చుకుంటానని. ఆయన అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "అడుక్కోమ్మా. నేనడిగితే ఒక మాట, నువ్వడిగితే ఇంకో మాట చెబుతారా మన ఇళ్ళల్లో" అని లేచి పొలానికి వెళ్ళిపోయారు.

నా ఫారంతో మొదలుపెట్టాను. పుట్టింది ఈ జిల్లా, ఉండేది ఈ క్యాంపు, ఓటు ఇక్కడే అని రాసి, మావయ్య గారు పెట్టిన నా సంతకం కొట్టేసి నా వంకర సంతకం పెట్టాను. ఆ తర్వాత అంగన్‌వాడీ అయ్యాక రోజుకి ఐదారిళ్ళు. మగవాళ్ళు పొలాల్లో ఉండే వేళ చూసుకుని వెళ్ళేదాన్ని. దొంగతనానికి వెళుతున్నట్టు ఉండేది.

ఆడవాళ్ళంతా అన్యాయం జరిగిందని నా వెంట నడుస్తారని నాలో ఎక్కడో ఒక ఆశ ఉండేది. అదేం జరగలేదు. మొదటింటి ఆవిడ, "మీ మావయ్య గారు చెప్పారుగా, మళ్ళీ నువ్వెందుకే?" అని కాఫీ ఇచ్చి పంపబోయింది. ఎదురింటి ఆవిడ పడీ పడీ నవ్వింది. "నాకు రెండుచోట్లా ఓటుందా? ఇన్నేళ్ళూ ఒక్కడూ చెప్పలేదు చూడు" అని, ఆ నవ్వు మీదే ఇక్కడే ఉంచమంది. చాలామంది మాత్రం ఆలోచించడానికి ఒక రోజు అడిగారు. వంటింట్లోకి పోయి, మళ్ళీ బయటికి వచ్చి, నీకు ఏది మంచిదనిపిస్తే అది రాయమన్నారు. అలా రాయకూడదని చెప్పేసరికి కొందరికి కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ అడగని మాట ఇవాళ అడిగి ప్రాణం తీస్తున్నానని.

వీధి చివరింటి కోడలికి పాతికేళ్ళుంటాయి. కోస్తా నుంచి వచ్చిన పిల్ల, అక్కడ ఓటున్న ఊరి పక్కనే పుట్టిల్లు. తలుపు దగ్గరగా వేసి, "నాది అక్కడే ఉంచండి వదినా" అంది. "ఓట్లంటేనన్నా పంపుతారు. పండగంటే పనులంటారు, పెళ్ళంటే తర్వాత చూద్దామంటారు. ఓటంటే మాత్రం బస్సెక్కిస్తారు."

నాకు ఆ పిల్ల మీద జాలి కలిగింది. కానీ ఆఫీసరు మాట చెవిలో మోగుతోంది. ఎక్కడ కాపురముంటే అక్కడే ఓటు. రూలు చెప్పాను. తప్పు రాస్తే ఇద్దరికీ ముప్పు అన్నాను. నేను చెప్పినంతసేపూ తల ఊపి, ఇక్కడే అని రాసి సంతకం పెట్టి ఫారం నా చేతికిచ్చింది. "పోన్లెండి" అంది. రూలు ప్రకారం సరైన పనే చేశాను. ఇంటికొచ్చాక కట్టలోంచి ఆ ఒక్క ఫారమే మళ్ళీ తీసి చూశాను.

పదో రోజుకి క్యాంపులో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయన మాట సొంత కోడలే వినడంలేదు, ఇక మనం ఎందుకు వినాలి అని గోదాం అరుగు మీద ఎవరో అన్నారట. ఆ వారం నీళ్ళ వంతు దగ్గర ఇద్దరు మావయ్య గారితో వాదం పెట్టుకున్నారు. ముందెన్నడూ లేదు అది. ఆయన ఇంట్లో ఏమీ అనలేదు గానీ, నేను కంచం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు. పొద్దున్నే ఫోన్‌లో తాలూకా గ్రూపులో వెనకబడిన బూత్‌ల పట్టీ వచ్చేది. మాది అందులో ఉండేది. దాన్ని చూసి, ఆయన మొహం చూసి, ఏది ఎక్కువ భయమో తెలియక పనిలో పడేదాన్ని.

చివరికి ఒక్క ఫారం మిగిలింది. అత్తయ్య గారిది. ఇంట్లోనే ఉన్న మనిషిని చివరికి ఎందుకు మిగిల్చావంటే జవాబు లేదు. ఆవిడ నోట నేను ఎప్పుడూ, నాకిది కావాలి అన్న మాట వినలేదు. కూర ఏం చెయ్యమంటారు అంటే మావయ్య గారి వైపు చూసే మనిషి. ఇక్కడ ఓట్లొస్తే మాత్రం పొద్దున్నే తలస్నానం చేసి బడి దగ్గర అందరికంటే ముందు నిలబడేది. ఆవిడదీ మావయ్య గారిదీ ఒకటే ఊరు. పొలం గట్టు దగ్గర మావయ్య గారికీ ఆవిడ తమ్ముడికీ మాటా మాటా పెరిగి పన్నెండేళ్ళయింది. అప్పటి నుంచీ ఆ ఇంటి గడప తొక్కలేదు. అక్కడి ఓట్లకి బస్సు వెళ్ళిన ప్రతిసారీ గేదెల దగ్గర మిగిలిపోయింది ఆవిడే. ఊరి మాట ఎత్తేదే కాదు. అందుకని ఇక్కడే అంటుందని, ఇన్నేళ్ళు ఉన్న ఊరు ఇదే కదా అని, నా మనసులో ఆ గడి ముందే నింపేసుకున్నాను.

గడువుకి ఇంకా రెండు రోజులున్నాయి. ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాయి. అత్తయ్య గారు పెరటి వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. మావయ్య గారు మంచం మీద పడుకుని ఉన్నారు, కళ్ళు మూసుకున్నారు గానీ నిద్రలో లేరు. ఆయన లేనప్పుడు అడగొచ్చు. కానీ చాటుగా అడిగానన్న మాట ఇంకొకటి ఎందుకు. ఆవిడ ముందు పీట వేసుకుని కూర్చున్నాను.

"అత్తయ్యా, మీ ఓటు ఎక్కడ ఉండాలి?"

ఆవిడ మంచం వైపు చూసింది. ఆయన కళ్ళు తెరవకుండానే, "చెప్పు. కోడలు అడుగుతోందిగా" అన్నారు.

"మీది ఎక్కడ రాయించుకున్నారు?" అని ఆయన్ని అడిగింది.

"ఇక్కడే."

"అయితే నాది అక్కడే ఉంచమ్మా" అంది నాతో.

మావయ్య గారు లేచి కూర్చున్నారు. ఫారంలో ఆయన రాసింది కూడా అదే. సంతోషించాల్సిన మనిషి, ఎవరో చేతిలోది లాగేసుకున్నట్టు చూశారు. "అక్కడుంటే నువ్వు పోవాల్సొస్తుంది" అన్నారు.

"పోతాను."

"నాకు ఇక్కడ పనుంటుంది."

"మిమ్మల్ని రమ్మన్లేదు. ఒక్కదాన్నే పోతాను. ఆ రెండ్రోజులు గేదెల్ని మీరు చూడండి."

నా చేతిలో పెన్ను ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను. మావయ్య గారి గొంతు తగ్గింది. కోపం కాదు అది, నిజంగానే తెలియక అడిగారు. "మీ అమ్మా నాన్నా లేరు. నీ తమ్ముడు మాట్లాడడు. మా అన్నదమ్ములు ఊళ్ళోనే లేరు. ఎవరింటికి పోతావు?"

అత్తయ్య గారు చేతిలో ఉన్న గింజ పళ్ళెంలో వేసింది.

"ఓటేసేదానికి ఎవరిల్లెందుకండీ? బస్సు దిగుతా, బడికి పోతా, వేస్తా, మళ్ళీ బస్సెక్కుతా. చుట్టరికానికి పోతే ఎందుకొచ్చావంటారు. ఓటుకి పోతే ఎవడూ అనడు."

ఆవిడ ఇంకో చింతపండు కాయ తీసుకుని పెచ్చు ఒలవడం మొదలుపెట్టింది. ఎక్కడ కాపురముంటే అక్కడే ఓటు. వీధి చివరింటి పిల్లకి ఆ రూలు అరగంట చెప్పి వచ్చిన నోరు నాది. ఇప్పుడు ఆవిడకీ చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. చెప్పలేకపోయాను. మావయ్య గారు పెట్టిన సంతకం కొట్టేసి, ఆవిడ చేత పెట్టించి, అడిగాను అని కింద నా సంతకం పెట్టాను. మూడుసార్లు చదవకుండా నేను సంతకం పెట్టిన కాగితం నా జీవితంలో అదొక్కటే. ఇప్పటికీ తాలూకా ఆఫీసు నుంచి ఫోనొస్తే ముందు ఆ ఫారమే గుర్తొస్తుంది.